జారుముడి

నిన్న రాత్రి సెన్సేయ్ దగ్గర్నుంచి మెసేజి. "ఈ ఏడు వెళ్దామా?" అంతే. ఎక్కడికో రాయలేదు. జూన్ నెలలో వాడు ఆ మాట అడిగాడంటే మా మధ్య ఒకటే అర్థం: హొక్కైడోలో ఇషికరి తీరాన, గడ్డిలో గుడారం వేసుకుని, రెండు రోజులు పాటలు విని రావడం. జవాబు ఇంకా ఇవ్వలేదు. పోయినేడాది, అంటే 2022 ఆగస్టులో, అక్కడికి వెళ్ళొచ్చిన సంగతి రాస్తానని చెప్పి పది నెలలుగా వాయిదా వేస్తున్నాను. అదేదో ఇవాళ రాసేస్తే జవాబు కూడా తేలుతుందేమోనని కూర్చున్నాను.

ముందు మనుషుల పరిచయం. అసలు పేర్లు రాస్తే ఊరుకోరు, మేం పిలుచుకునే పేర్లే రాస్తున్నాను.

బావ నాకు బావేమీ కాడు. అమలాపురం పక్క పల్లె వాడిది. అటువైపు నచ్చిన ప్రతి మగాడూ బావే. కాకినాడలో ఇంజినీరింగు చదివేటప్పుడు రూమ్మేటు, తరవాత తోక్యోలో నిషికసాయ్‌లో పక్క వీధి. సెన్సేయ్‌ది వరంగల్లు. మాలో జపనీస్ ఎన్1 పాసయిన ఏకైక వ్యక్తి. వార్డు ఆఫీసు కాయితాలు, గ్యాసు వాళ్ళ ఉత్తరాలు అన్నీ మాకు చదివిపెట్టేది వాడే, అందుకని గురువుగారి హోదా. నాలుగోవాడు అన్న. అన్న జపనీయుడు. మా ఆఫీసే, నలభై దాటాయి, పుట్టింది పెరిగింది ఒతారులో. మేమందరం ఒకళ్ళనొకళ్ళు వరసలు పెట్టి పిలుచుకోవడం చూసి తనకీ ఒకటి కావాలన్నాడు. వయసులో పెద్ద కాబట్టి అన్న అయ్యాడు. ఇప్పుడు "అన్నా" అంటేనే పలుకుతాడు.

ఇక ఆ పండగ పూర్తి పేరు రైజింగ్ సన్ రాక్ ఫెస్టివల్ ఇన్ ఎజో. ఎజో అంటే హొక్కైడోకి పాత పేరు. 1999 ఆగస్టులో మొదలైంది. జపాన్‌లో ఇలాంటి పెద్ద రాక్ పండగలు అప్పుడప్పుడే పుడుతున్న రోజులవి. ఫుజి రాక్ అని ఇంకోటుంది, అది 1997లో మొదలైన ఏడే తుఫాను వచ్చి రెండో రోజు రద్దయింది. ఈ పండగలకీ తుఫానులకీ ఏదో చుట్టరికం ఉంది, ముందు ముందు మీకే తెలుస్తుంది. రైజింగ్ సన్ ప్రత్యేకత ఏమిటంటే రెండో రోజు రాత్రి ఆపరు. తెల్లవారి సూర్యుడొచ్చేదాకా ఎవరో ఒకరు వాయిస్తూనే ఉంటారు. జనం గుడారాల్లో కాసేపు పడుకుంటారు, లేస్తారు, తింటారు, మళ్ళీ స్టేజీ దగ్గరికి పోతారు. ఇది విన్నప్పుడు బావ, "ఓస్, మా ఊరి తీర్థంలో తెల్లవార్లూ నాటకాలాడతారే, అదేగా! చాప, దుప్పటి, మరమరాలు పట్టుకుపోవడమే," అన్నాడు. రాకూ లేదు గీకూ లేదు, వాడు అప్పుడే తయారైపోయాడు.

మమ్మల్ని ఇందులోకి దింపింది అన్న. 1999లో కాలేజీ కుర్రాడిగా మొదటి పండగకి వెళ్ళాడట. అక్కడ నంబర్ గర్ల్ అనే బృందాన్ని విన్నాడు. ఫుకుఒకా నుంచి వచ్చిన నలుగురు. పేరులో గర్ల్ ఉంది గానీ ముందు నిలబడి పాడే ముకాయ్ షుతోకు కళ్ళద్దాలు పెట్టుకున్న గుమాస్తాలా ఉంటాడు. నోరు తెరిచాడా, ఇక అంతే. పాట మొదలెట్టేముందు ఏ ఊళ్ళో ఏ వార్డు నుంచి వచ్చారో చెప్పుకుంటాడు, మన హరిదాసులు ఊరూ పేరూ చెప్పుకున్నట్టు. బావకి ఆ మనిషి నచ్చడానికి అదొక్కటే చాలు. నాకైతే మొదటి నెలరోజులూ రేకుల మీద రాళ్ళు పోస్తున్నట్టే వినిపించింది. తరవాతెప్పుడో ఒక రాత్రి ఆఖరి రైల్లో ఇంటికొస్తూ వింటే, ఉన్నట్టుండి అర్థమైంది. ఏం అర్థమైందని మాత్రం అడక్కండి.

ఆ బృందం 2002లో విడిపోయింది. ఆఖరి కచేరీ నవంబరు 30న సప్పోరోలో. అన్నకి టిక్కెట్టు దొరకలేదు. పదిహేడేళ్ళ తరవాత, 2019లో, మళ్ళీ కలుస్తున్నాం, రైజింగ్ సన్‌లో వాయిస్తున్నాం అని ప్రకటించారు. అన్న ఆ రోజు ఆఫీసులో మా డెస్కుల దగ్గరికి వచ్చి, మాటరాక, ఫోన్ చూపించాడు. అప్పటికప్పుడు నలుగురం టిక్కెట్లు కొన్నాం. గుడారం వేసే జాగాకి టిక్కెట్టు వేరే, అది కూడా కొన్నాం.

2019 ఆగస్టు 16 శుక్రవారం వాళ్ళ వంతు. సరిగ్గా ఆ ముందురోజు పదో నంబరు తుఫాను హిరోషిమా దగ్గర తీరం దాటి, జపాన్ సముద్రంలోకి దిగి, ఉత్తరానికి నడిచింది. 16వ తేదీ పండగ రద్దు. 17న జరిగింది, కానీ వాళ్ళు లేని పండగకి పోవడానికి మాకు కాళ్ళు రాలేదు. ఆ శనివారం మా ఇంట్లో బిర్యానీ వండుకు తిన్నాం. అన్న తన గుడారం సంచీని మా అల్మరాలో పెట్టి, "వచ్చే ఏడు," అన్నాడు.

2020లో పండగ లేదు. 2021లోనూ లేదు. కారణం మీకు తెలిసిందే.

2021 మే నెల సంగతి చెప్పకుండా మిగతాది చెప్పలేను. ఇండియాలో రెండో వేవ్. బావ వాళ్ళ నాన్నగారికి వచ్చింది. ఆయన రైతు, డెబ్భై లోపే. అదే సమయంలో జపాన్ ఒక నిబంధన పెట్టింది: మే 14 నుంచి, ఇండియాలో ఉండి వచ్చే విదేశీయుల్ని, ఇక్కడ నివాస వీసా ఉన్నా సరే, ప్రత్యేక కారణముంటే తప్ప రానివ్వరు. అంటే బావ వెళ్ళొచ్చు. తిరిగి ఎప్పుడు రాగలడో ఎవరూ చెప్పలేరు. ఉద్యోగం ఉంటుందో ఉండదో తెలీదు. వాడు మా వంటింట్లో స్టూలు మీద కూర్చుని, "ఏం చెయ్యనురా?" అనడిగాడు. నేను గిన్నెలు కడుగుతున్నాను. వెనక్కి తిరక్కుండానే, "నాన్నగారు గట్టి మనిషి. రెండు రోజులు చూద్దాం బావా," అన్నాను.

మూడో రోజు తెల్లవారుజామున ఆయన పోయారు. పెదనాన్నగారబ్బాయి తలకొరివి పెట్టాడు. బావ బాల్కనీలో నిలబడి ఫోన్‌లో చూశాడు. మధ్యలో రెండుసార్లు సిగ్నల్ పోయింది. నేను లోపల గదిలో ఉన్నాను. ఆ తరవాత ఏడాది పైన మేం రోజూ కలిశాం, కలిసి వండుకున్నాం, క్రికెట్ చూశాం. ఆ "రెండు రోజులు" గురించి వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

2022లో పండగ మళ్ళీ మొదలైంది. ఆగస్టు 12, 13. నంబర్ గర్ల్ 13న. ఈసారి అన్న టిక్కెట్లు కొని తీసుకొచ్చి మా చేతుల్లో పెట్టాడు.

11వ తేదీన హనేదా నుంచి విమానంలో గంటన్నర. సప్పోరోలో రాత్రి ఉండి, మర్నాడు పొద్దున్న సబ్‌వేలో నంబొకు లైను చివరి స్టేషను అసాబుకి, అక్కడ్నుంచి పండగ బస్సు. బస్సు నిండా మడత కుర్చీలు, ఐసు పెట్టెలు, చక్రాల బళ్ళు. బావ ముందురోజు రాత్రే చింతపండు పులిహోర కలిపి డబ్బాలకెత్తాడు. ఆవకాయ సీసాని మూడు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి చెక్-ఇన్ సామానులో పెట్టాడు. అయినా సంచీ తెరిచేసరికి అన్న చొక్కాల్లో ఒకటి కొంచెం గుంటూరు వాసన వేసింది. అన్న దాన్ని వాసన చూసి, సంతోషంగా తొడుక్కున్నాడు.

సముద్రతీరం అనగానే ఇసక, కెరటాలు ఊహించుకున్నాను. అదేమీ లేదు. అది ఇషికరి కొత్త రేవు. రేవు పక్కన విశాలమైన మైదానం, దూరంగా గాలిమరలు. మా గుడారం దగ్గర్నుంచి సముద్రం కనపడలేదు. ఉందని మాత్రం క్షణక్షణం తెలుస్తూనే ఉంది: ఉప్పు వాసన, ఆగని గాలి. ఆగస్టులో కూడా రాత్రి స్వెట్టర్ కావలసొచ్చింది. ఇంకోటి, అక్కడ సముద్రం వాయవ్యాన ఉంటుంది. కాబట్టి ఉదయించే సూర్యుడు నీళ్ళలోంచి రాడు, వెనకనున్న నేల మీంచి వస్తాడు. ఈ సంగతి తెలిసి బావ మోసపోయినట్టు మొహం పెట్టాడు. అంతర్వేదిలో సూర్యోదయం చూసినవాడు మరి.

గుడారం వెయ్యడం అన్న పని అనుకున్నాం. గుడారం ఆయనది, పాతికేళ్ళనాటిది, ఆకుపచ్చ వెలిసి బూడిద రంగుకొచ్చింది. తాళ్ళకి ఉండాల్సిన ప్లాస్టిక్ బిళ్ళలు సగం విరిగిపోయాయి. గాలి ఒకసారి విసిరేసరికి గూటం పీకేసుకుని ఒక మూల లేచింది. పక్క గుడారంలో అమ్మాయిలు చేతులడ్డం పెట్టుకుని నవ్వారు. బావ అప్పటిదాకా కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. లేచొచ్చి, "అన్నా, జరుగు," అన్నాడు తెలుగులో. అన్న జరిగాడు.

గాలికి ఎదురుగా ఉన్న వైపు ముందు కట్టాడు. గూటాన్ని నిలువుగా కాక ఏటవాలుగా, గుడారానికి వ్యతిరేక దిశకి వాల్చి, మడమతో తొక్కాడు. తాడుని గూటానికి తిప్పి, మెలిక వేసి, కొసని పూర్తిగా లాగకుండా మెలికలోంచి మడతగా దూర్చి బిగించాడు. ఒక్కో ముడికి మూడు సెకన్లు పట్టి ఉంటుంది. గాలి ఎంత లాగితే ముడి అంత బిగుసుకుంటోంది. "ఇప్పుడు చూడు," అని వేలాడుతున్న కొసని పట్టుకు ఒక్క లాగు లాగాడు. మొత్తం ఊడి చేతిలోకొచ్చింది. అన్న ఇంకోసారి చెయ్యమన్నాడు. ఇంకోసారి.

"మా నాన్నది," అన్నాడు బావ. "పశువుల్ని ఇలాగే కట్టేవాడు. జారుముడి."

తరవాత పులిహోర తింటూ ఆ ముడి కథ చెప్పాడు. సెన్సేయ్ అన్నకి జపనీస్‌లోకి మార్చి చెబుతున్నాడు. 1996 నవంబరు 6, కోనసీమ మీద తుఫాను పడిన రాత్రి. బావకి ఎనిమిదేళ్ళు. కొబ్బరిచెట్లు విరుగుతుంటే తుపాకులు పేల్చినట్టు చప్పుళ్ళు. పాక కప్పు లేస్తోంది. వాళ్ళ నాన్న చీకట్లో తడుముకుంటూ పాకలోకి పోయి, కట్టుగొయ్యల దగ్గర కొసలు పట్టుకుని, ఒక్కో పశువునీ ఒక్కో లాగుతో వదిలేశాడు. అవి బయటికి పరిగెత్తిన కాసేపటికి పాక కూలింది. మామూలు ముడి అయితే తడిసిన కొబ్బరితాడు చచ్చినా ఊడదు, కొడవలి వెతుక్కోవాలి. "కట్టేటప్పుడే విప్పడం గురించి ఆలోచించాలనేవాడు," అన్నాడు. సెన్సేయ్ ఈ వాక్యం దగ్గర ఆగి, జపనీస్‌లో ఎలా చెప్పాలా అని చాలాసేపు వెతుక్కున్నాడు.

మొదటిరోజు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. నాలుగైదు స్టేజీలు, ఒక దాన్నుంచి ఇంకో దానికి నడక, మొబైల్ మరుగుదొడ్ల దగ్గర క్యూ. మాస్కులు పెట్టుకోవాలి, గట్టిగా అరవకూడదు, మెచ్చుకోవాలంటే చప్పట్లే. జింగిస్కాన్ అని అక్కడి గొర్రెమాంసం వేపుడు బావ రెండు ప్లేట్లు లాగించాడు. చెత్త పారేసే చోట సీసా వేరు, మూత వేరు. ఆ సీసా చుట్టూ ఉన్న కాయితం ఊడబెరుక్కుంటూ అర్ధరాత్రి నిలబడితే, ఆఫీసు పని కంటే ఇదే కష్టమనిపించింది.

13వ తేదీ మధ్యాహ్నం నుంచి మా అందరి ఫోన్లూ మోగుతూనే ఉన్నాయి. ఎనిమిదో నంబరు తుఫాను తోక్యో వైపు వస్తోందని. సాయంత్రం ఇజు దగ్గర తీరం దాటింది. చిబాలో, అదీ సముద్రం పక్కనే, ఆ రోజు జరగాల్సిన రాక్ ఇన్ జపాన్ పండగ రద్దయింది. మా అమ్మ ఫోన్ చేసి, "ఇంట్లోనే ఉన్నావా?" అంది. బయట గడ్డిలో గుడారంలో ఉన్నానమ్మా అని ఎలా చెప్పను! "ఇక్కడ గాలి లేదు," అన్నాను. అదే సమయంలో తాడు వీణతీగలా మోగుతోంది.

నంబర్ గర్ల్ వంతు వచ్చింది. అన్న స్టేజీకి మరీ దగ్గరగా వద్దని, కాస్త వెనకాల, కుడిపక్క నిలబడ్డాడు. 1999లో నిలబడింది కూడా అటుపక్కే అట. నేను పాటలు వినడం కంటే ఆయన్ని చూడటమే ఎక్కువ చేశాను. చొక్కా ఆవకాయ వాసనదే. చేతులు కట్టుకుని, కదలకుండా, బడిలో ప్రార్థనకి నిలబడ్డ పిల్లాడిలా ఉన్నాడు. ముకాయ్ ఊరి పేరు చెప్పగానే బావ నా డొక్కలో పొడిచాడు.

తరవాత ముకాయ్ ఏదో చెప్పాడు. నాకు సగమే అర్థమైంది. చుట్టూ జనంలో ఒక్కసారిగా ఊపిరి ఆగిన చప్పుడు. సెన్సేయ్ వైపు చూశాను. వాడు వెంటనే చెప్పలేదు. కొంచెం ఆగి, "విడిపోతున్నారట. డిసెంబర్ 11 ఆఖరు కచేరీ," అన్నాడు.

ఇరవై మూడేళ్ళ కిందట విన్నాడు, ఆఖరిదానికి టిక్కెట్టు దొరకలేదు, మళ్ళీ కలిస్తే తుఫాను, ఆ తరవాత రోగం, ఇన్నాళ్ళకి ఎదురుగా నిలబడితే ఇదీ మాట. అన్నని ఎలా పలకరించాలో ముగ్గురికీ తెలీలేదు. ఆయన టోపీ తీసి, మిగతా పాటలన్నీ అలా టోపీ చేత్తో పట్టుకునే విన్నాడు. అయిపోయాక మాతో ఏమీ అనకుండా ఎటో వెళ్ళిపోయాడు. పావుగంటకి నాలుగు కాల్చిన మొక్కజొన్న పొత్తులు తెచ్చాడు. "హొక్కైడో పొత్తులు ఆగస్టులోనే తినాలి," అన్నాడు. తిన్నాం. ఆ డిసెంబరు కచేరీకి వాళ్ళు పెట్టిన పేరు తరవాత చూశాను: 'ముజో నో హి'. ముజో అంటే అనిత్యం, బౌద్ధుల మాట. మనకి కొత్తేం కాదు.

రాత్రి మూడింటికి నాకు మెలకువొచ్చింది. దూరంగా డ్రమ్స్ భూమిలోంచి వీపుకి తగులుతున్నాయి. బావ గుడారం బయట కుర్చీలో ఉన్నాడు. తాళ్ళు చూసుకుంటున్నాడట, నిద్ర పట్టలేదట. పక్కనే గడ్డి మీద కూర్చున్నాను.

"నెలాఖరుకి వెళ్ళిపోతున్నానురా," అన్నాడు. "పూర్తిగా. జులైలోనే ఆఫీసులో చెప్పేశాను. అమ్మ ఒక్కతీ ఉంటోంది."

నాకు తెలీదు. ఎవరికీ తెలీదు. నిషికసాయ్‌లో పక్క వీధిలో ఉంటూ నెల రోజులు దాచాడు. కోపం రావాల్సింది. రాలేదు. ఇన్నాళ్ళూ గొంతులో ఉన్నది బయటికొచ్చింది.

"బావా, అప్పుడు నేను రెండు రోజులు చూద్దామని అనకుండా ఉండాల్సింది."

చాలాసేపు ఏం మాట్లాడలేదు. కొసల దగ్గర తాడు సవరించాడు. తరవాత మామూలుగానే, రేపు టిఫినేంటన్నంత మామూలుగా అన్నాడు. "నువ్వన్నావని ఆగలేదురా. ఆగాలని ఉండే నిన్నడిగాను. వెళ్ళాలనుంటే సెన్సేయ్‌ని అడిగేవాణ్ణి. వాడైతే టిక్కెట్టు తీసి చేతిలో పెట్టేవాడు."

ఓదార్పుగానే అని ఉంటాడు. నేనూ ఓదార్పుగానే తీసుకున్నాను, ఆ పూటకి. కానీ ఆ మాట పది నెలలుగా నాలో తిరుగుతూనే ఉంది. నా మీద తప్పు లేదన్నాడు, సరే. ఆగిపోవాలనుకున్నవాళ్ళు వెతుక్కుని వచ్చే మనిషిని నేనని కూడా అన్నాడు కదా.

తెల్లవారుజామున నలుగురం స్టేజీ దగ్గరికి నడిచాం. నల్లటి ఆకాశం బూడిద రంగయింది, ఆ తరవాత మనుషుల మొహాలు కనపడటం మొదలైంది. రాత్రంతా నిలబడ్డ మొహాలు, మాస్కుల పైన కళ్ళు మాత్రం. దుప్పట్లు కప్పుకునే గంతులేస్తున్నారు. చంటిపిల్లని భుజాన వేసుకున్న ఒకాయన నిద్రపోతున్న ఆ పిల్ల వీపు మీద తాళం వేస్తున్నాడు. బావ తూర్పుకి తిరిగి రెండు చేతులూ జోడించి ఒక్క క్షణం నిలబడ్డాడు. ఇంట్లో రోజూ చేసేదే. అన్న కూడా చూసి చేతులు జోడించాడు, ఎందుకో ఏమిటో అడక్కుండా.

గుడారం విప్పేటప్పుడు పది నిమిషాలనుకున్నది అర నిమిషంలో అయిపోయింది. బావ ఒక్కో తాడు దగ్గరా వంగడం, ఒక్క లాగు, అంతే. ఆఖరి ముడి అన్నకి వదిలాడు. అన్న కొస పట్టుకుని కాసేపు అలాగే ఉండి, లాగాడు.

ఆగస్టు 31న నరిటాలో బావని దింపాం. ఇప్పుడు ఊళ్ళోనే ఉంటున్నాడు, పగలు కొబ్బరితోట, రాత్రి ఏదో కంపెనీకి ఇంట్లోంచే కోడింగు. పోయిన ఆదివారం వీడియో కాల్‌లో ఆ ముడి మళ్ళీ చూపించమన్నాను. వాడు అక్కడ గేదె పలుపుతో, నేనిక్కడ కుర్చీ కాలికి ఛార్జరు వైరుతో. నాది బిగుసుకుంది గానీ ఊడలేదు. వెనకనుంచి వాళ్ళమ్మగారు, "వాడికి తిప్పుడు తప్పిందిరా, ఎడంపక్కనుంచి తిప్పమను," అన్నారు. తిప్పాను. ఊడింది.

సెన్సేయ్‌కి ఇప్పుడే రాశాను: వెళ్దాం. గుడారం నా దగ్గరే ఉంది. జాగాకి టిక్కెట్టు వేరే తియ్యాలి, మర్చిపోకు.